అనుమానం డబ్బా

ఆ రోజు మార్చి పద్నాలుగు. మధ్యాహ్నం షాపులోనే, పనిబల్ల మీద పాత పేపరు పరుచుకుని, బ్రెడ్డు ముక్కల మధ్య ఉడికించిన గుడ్డు, ఉల్లిపాయ చక్రాలు పెట్టుకుని తిన్నాం. మిరియాల పొడి చల్లడం నేను మర్చిపోయాను. మా బావమరిది దానికి ఏమీ అనలేదు. తిండి విషయంలో ఏమీ అనకుండా ఊరుకునే రకం కాడు, అందుకే గుర్తుండిపోయింది. సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి, తర్వాత తింటానని పక్కన పెట్టాడు. సాయంత్రం దాకా ఆ పొట్లం అలాగే ఉంది.

అంతకు ముందు సంగతి కొంత చెప్పాలి. మా ఆవిడ పోయిన తర్వాత, ఇళ్ళ నక్షాలు గీసే ఉద్యోగం నుంచి నేను దిగిపోయాను. ఆమె తమ్ముడు నన్ను ఒంటరిగా ఇంట్లో కూర్చోనివ్వలేదు. చిన్నప్పటి నుంచి వీడియో గేమ్ క్యాసెట్లు పోగేయడం అతని పిచ్చి. ఎక్కడ పాత గేమ్ పెట్టె అటక మీద నుంచి దిగిందని విన్నా అక్కడ వాలిపోతాడు. వాళ్ళుంటున్న మేడ కింద రెండు గదుల షాపు ఖాళీ అయితే, ఇద్దరం కలిసి తీసుకున్నాం. ఎవరైనా వచ్చి, కూర్చుని, ఆ పాత ఆటలు మళ్ళీ ఆడుకునే గది ఒకటి తెరవాలని అతని కోరిక. ఆదివారం తెరవబోతున్నాం. అందరికీ చెప్పేశాం కూడా.

క్యాసెట్లు చాలామంది దగ్గర ఉంటాయి. మా గది గొప్పంతా చిత్రమైన సామానులో ఉంది. గాలంలా విసిరి లాగే కంట్రోలరు, కాళ్ళతో తొక్కి ఆడే చాప, ఊదితే తెర మీద పడవ కదిలే మైకు. వీటన్నిటి కన్నా అతను ప్రాణంగా చూసుకున్నది చెవి క్లిప్పు. చూడడానికి బట్టల క్లిప్పులా ఉంటుంది. ఒక పెదవిలో కంటికి కనపడని వెలుగు, రెండో పెదవిలో దాన్ని పసిగట్టే కన్ను. చెవి తమ్మెకు తగిలించుకుంటే రక్తం కొట్టుకునే తీరును బట్టి తెర మీద పలకలు జారుతాయి. గుండె నెమ్మదిగా ఉంటే పలకలు నెమ్మదిగా, కంగారు పడితే గబగబా. తెర మూలన చిన్న గుండె బొమ్మ, దాని పక్కన ఒక అంకె. అలాంటి క్లిప్పులు మూడు, పాత సామాన్లు కొని అమ్మే ఒకాయన దగ్గర దొరికాయి. ఎక్కడి పాత వస్తువైనా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి అతుక్కుంటుందని ఆయన్ని అందరూ అయస్కాంతం అంటారు.

మూడూ పాడైనవే అని తేల్చాడు మా బావమరిది. ఒకదానికి వైర్లు మార్చాడు, టంకం మళ్ళీ పెట్టాడు, రాత్రుళ్ళు మేలుకున్నాడు. చివరికి కోపం వచ్చి, పాత ఆటలవాళ్ళ ఫోన్ గ్రూపులో, అయస్కాంతం తెలిసి తెలిసి చచ్చిన సామాను అంటగడుతున్నాడని రాసేశాడు. ఆయనతో పదిహేనేళ్ళ స్నేహం. ఆ మధ్యాహ్నం తిన్నాక మేం షట్టరు సగం దించి సామాను సర్దుకుంటుంటే, ఆ షట్టరు కింది నుంచి వంగి అయస్కాంతం లోపలికి వచ్చాడు.

లోపలికి వచ్చిన మనిషి నడుము నిఠారుగా చేసుకోవడానికి కొంత సమయం తీసుకున్నాడు. చేతిలో సంచీ లేదు, గొడుగు లేదు. నేను మంచినీళ్ళు ఇవ్వబోతే చేత్తోనే వద్దన్నాడు. కుర్చీ జరిపితే కూర్చోలేదు. ఆ ఇరుకు గదిలో ముగ్గురం నిలబడితే పాత ప్లాస్టిక్ వాసన, స్పిరిట్ వాసన తప్ప ఇంకెవరికీ చోటు లేనట్టుంది.

"తమ్ముడూ, నన్ను మోసగాడని రాశావట" అన్నాడు.

"రాశానండీ" అన్నాడు మా బావమరిది.

ఆ 'అండీ' ఆయనకు ఎక్కడో తగిలింది. అన్నా, అన్నా అంటూ ఆయన వెంట తిరిగినవాడు. ఆయన కూతురి పెళ్ళిలో వడ్డన చేసినవాడు. ఆయన ఒకసారి నా వైపు చూశాడు, నేను ఏమన్నా అంటానేమోనని. పనిబల్ల మీది స్క్రూడ్రైవర్లను పొడవు వారీగా పేర్చాను. మళ్ళీ చెరిపి పేర్చాను. ఆ రోజంతా నా చేతులకు అదే పని.

అయస్కాంతం తన వాదన ఏమీ వినిపించలేదు. తను అమ్మిన మూడింటినీ బయటికి తీయమన్నాడు, అంతే. ఆయన కొత్తది తెచ్చి చూపించి గెలిచిపోతాడేమోనని మా బావమరిది అప్పటికే ఒక మాట సిద్ధం చేసుకున్నట్టున్నాడు. ఆయన ఉత్త చేతులతో రావడంతో ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. అల్మరా కింది అర లోంచి డబ్బా లాగాడు.

మా షాపులో అట్టడబ్బాలు మూడుంటాయి. వచ్చిన ప్రతి సామానూ వాటిలో ఏదో ఒక దాంట్లోకి పోవలసిందే. 'బతికినవి', 'అనుమానం', 'చచ్చినవి' అని ఎర్ర స్కెచ్ పెన్నుతో అతనే రాశాడు. క్లిప్పులు మూడూ 'అనుమానం'లో కొన్నాళ్ళుండి, 'చచ్చినవి'లోకి చేరి వారమైంది. ఆ అక్షరాలు చూసి అయస్కాంతం ముక్కుతో ఒకసారి గట్టిగా గాలి వదిలాడు.

యంత్రం ఆన్ చేశాం. క్యాసెట్ దూర్చాం. మొదటి క్లిప్పును ఆయన కుడి చెవి తమ్మెకు తగిలించుకుని తెర వంక చూడకుండా గోడ వంక చూస్తూ నిలబడ్డాడు. తెర మూలన గుండె బొమ్మ రెండు క్షణాలు ఆలోచించి, కొట్టుకోవడం మొదలుపెట్టింది. తడబాటు లేదు. గోడ గడియారం ముల్లులా, ఒకదాని వెనక ఒకటి, ఒకే ఎడంలో. పలకలు బుద్ధిగా జారుతున్నాయి.

మా బావమరిది వంగి తెరకు మరీ దగ్గరగా చూశాడు. నిన్న రాత్రి ఊరుకోలేక దీన్ని డబ్బాలోంచి తీసి మళ్ళీ టంకం పెట్టాను, అందుకే బాగుపడి ఉంటుందన్నాడు. అయస్కాంతం దాన్ని తీసి రెండోది తగిలించుకున్నాడు. రెండోదానికి కొత్త టంకం లేదు. గుండె బొమ్మ అదే తీరున కొట్టుకుంది. మూడోది, దాని మూతైనా విప్పనిది. అదీ అంతే.

అప్పుడు నాకు తట్టిన ఆలోచన ఎందుకింత ఆలస్యంగా తట్టిందని ఇప్పటికీ అనుకుంటాను. నెలకు పైగా ఆ క్లిప్పులు మా మధ్యే తిరిగాయి. ఒక్కసారి కూడా నా చెవికి తగల్లేదు. కారణం మా బావమరిది పెట్టుకున్న నియమం. చాలా ఏళ్ళ కిందట ఎవరో తెచ్చిన పాత కంట్రోలరు ముట్టుకుంటే ఒకామె చెయ్యి జివ్వుమందట. పెద్ద దెబ్బేం కాదు. అయినా అప్పటి నుంచీ, పరీక్ష పూర్తికాని వస్తువు ఇంకొకరి ఒంటికి తగలకూడదని అతని పట్టుదల. ముందు తన వేలు, తన కాలు, తన చెవి. తన దగ్గర పాసైతేనే నాకిస్తాడు. క్లిప్పులు అతని చెవి దగ్గర ఎప్పుడూ పాస్ కాలేదు. కాబట్టి ఇంకో చెవిదాకా రాలేదు.

"నాకివ్వండి ఒకసారి" అని నేను చెయ్యి చాచాను. మా బావమరిది వద్దనబోయి ఆగిపోయాడు. నా చెవి దగ్గర కూడా గుండె బొమ్మ సక్రమంగానే కొట్టుకుంది, కాకపోతే కొంచెం హడావిడిగా. నా అలజడిని పలకలు దాచలేదు.

"ఇప్పుడు నువ్వు పెట్టుకో" అన్నాడు అయస్కాంతం.

పెట్టుకున్నాడు.

తెర మూలన గుండె బొమ్మ ఒకసారి కొట్టుకుంది. వెంటనే ఇంకోసారి. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ దగ్గర దగ్గరగా మూడు. పక్కన అంకె ఎక్కడెక్కడికో ఎగిరి, గీతలుగా మారి, కిందికి పడింది. పలకలు జారుతూ జారుతూ నిలిచిపోయి, మూడు ఒక్కసారిగా దభీమని పడ్డాయి. నెలరోజులుగా అతను చూస్తున్నది ఇదే. దీన్నే లూజు వైరు అనుకున్నాడు.

అయస్కాంతం మొహంలో ఒక్క క్షణం గెలుపు మెరిసింది. నేను చూశాను. అంతలోనే అది ఆరిపోయింది. అదీ చూశాను.

మా బావమరిదికి ఇంకా తట్టలేదు. అతను సామాను బాగుచేసే మనిషి. తప్పు ఎప్పుడూ సామానులోనే వెతుకుతాడు. స్పిరిట్‌లో ముంచిన దూదితో చెవి తుడుచుకున్నాడు. చిన్నప్పుడు కుట్టించిన చెవి, ఆ చిల్లులోంచి వెలుగు దూరిపోతోందేమో అన్నాడు. ఎడమ చెవికి మార్చాడు. దానికీ చిల్లు ఉందని గుర్తొచ్చి వేలికి పెట్టుకున్నాడు. వేలిని గట్టిగా రుద్ది వెచ్చబెట్టుకున్నాడు. ప్రతిసారీ గుండె బొమ్మ అలాగే తప్పటడుగులు వేసింది. అతను నవ్వుతూ, నా ఒంట్లో రక్తం కూడా పాత మోడలే అయి ఉంటుందన్నాడు. మేమిద్దరం నవ్వలేదు. ఆ నవ్వకపోవడం విన్నాక అతను నెమ్మదిగా క్లిప్పు తీసి బల్ల మీద పెట్టాడు.

మా ఆవిడ మంచం పట్టిన చివరి నెలల్లో, ఇంటికి వచ్చే నర్సమ్మ ఒకామె నాకు నాడి పట్టుకోవడం నేర్పింది. అప్పుడది పెద్ద విద్యలా అనిపించలేదు. చేయడానికి నాకూ ఒక పని ఉండాలని ఆమె దయతో ఇచ్చిన పని అది. చేయి పట్టుకుని కూర్చోవడానికి ఒక నెపం. ఆ నెపంతో ఎన్ని సాయంకాలాలు గడిపానో. ఇప్పుడు అతని మణికట్టు అందుకుని, బొటనవేలి కిందుగా మూడు వేళ్ళు ఆనించాను. అతను చెయ్యి లాక్కోలేదు.

నా వేళ్ళ కింద ఒక దారి తప్పిన మనిషి నడుస్తున్నట్టుంది. నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు, ఇటా అటా అని చూస్తాడు, ఉన్నట్టుండి పరిగెత్తుతాడు. నేను ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. సర్దుకుంటుందేమోనని చూశాను. సర్దుకోలేదు.

అప్పుడు ఈ నెలలోని చిన్న చిన్న సంగతులన్నీ ఒకటొకటే వచ్చి నా ముందు నిలబడ్డాయి. మేడ మెట్లు ఎక్కుతూ మలుపు దగ్గర ఆగి ఫోను తీసి చూసుకోవడం. ఎవరూ ఫోన్ చేయకపోయినా. క్యాసెట్ల అట్టపెట్టె నన్ను పట్టుకోమని, తను తలుపు తెరుస్తానని ముందుకు పోవడం. ఎప్పుడూ ఆ పని నన్ను చేయనిచ్చేవాడు కాదు. కూర్చున్నప్పుడు మోకాలు ఆడుతూనే ఉండడం. ఆదివారం దగ్గరపడుతోందన్న ఆరాటమే అనుకున్నాను. ఇద్దరం ఒకే ఆరాటంలో ఉన్నాం కదా, ఎవరిది ఎంతో ఎలా తెలుస్తుంది?

"సామాను బాగానే ఉందన్నమాట" అన్నాడు మా బావమరిది. గొంతులో ఏ మార్పూ లేదు. క్లిప్పులు మూడింటినీ ఏరి, వైర్లు చుట్టి, 'చచ్చినవి' డబ్బా లోంచి 'బతికినవి' డబ్బాలోకి మార్చాడు. తర్వాత మూడు డబ్బాల ముందూ చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు.

"మరి నన్నెందులో పెడతావు బావా?"

"అనుమానంలో" అన్నాను. "రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దాం."

తల అడ్డంగా ఊపాడు. ఆదివారం అయ్యాక చూద్దామన్నాడు. ఆదివారానికీ దీనికీ సంబంధం ఏమిటన్నాను. గది తెరవాలి, అందరూ వస్తారు, చేయాల్సిన పనులున్నాయన్నాడు. పనులు నేను చూసుకుంటానన్నాను. నీకు యంత్రాల వెనక ఏ వైరు ఎక్కడ పెట్టాలో తెలియదన్నాడు. నిజమే, నాకు తెలియదు. అయినా గీత గీసి చూపిస్తే పెట్టగలను, జీవితమంతా చేసింది అదే కదా అన్నాను. ఇలా మాటకు మాట అంటుంటే, అతను ఉన్నట్టుండి కూర్చుండిపోయాడు. నా వంక కాకుండా కింద సిమెంటు నేల వంక చూస్తూ అన్నాడు.

"అక్క కూడా చిన్న పరీక్ష అనే వెళ్ళింది బావా."

ఆ ఉదయం ఆమెతో ఆటో దాకా నడిచింది నేనే. సంచీలో ఒక్క జత బట్టలే పెట్టింది, సాయంత్రానికి వచ్చేస్తాం కదా అని. వీధి చివర ఆటో ఎక్కుతూ గ్యాస్ కట్టేశారా అని అడిగింది. అప్పుడు ఆమె తమ్ముడు ఇంటి ముందు నిలబడి చెయ్యి ఊపాడు. తిరిగి ఇంటికి తెచ్చినప్పుడు ఆమె మంచం ఎక్కింది, ఇక దిగలేదు. ఇవన్నీ మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. క్యాసెట్ల గురించి మాట్లాడుకున్నాం. ఏ క్యాసెట్ ఏ యంత్రంలో ఆడుతుందో, ఏ స్క్రూకి ఏ డ్రైవరు పడుతుందో, పసుపెక్కిన ప్లాస్టిక్ ఎండలో ఎన్నాళ్ళకు తెల్లబడుతుందో. ఆ మాటలే మమ్మల్ని ఇన్నాళ్ళూ లాక్కొచ్చాయి. వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అంతవరకూ నిలబడే ఉన్న అయస్కాంతం, నేను మొదట జరిపిన కుర్చీని ఇప్పుడు తనే లాక్కుని మా బావమరిది ఎదురుగా కూర్చున్నాడు. నేను ఇవ్వబోయిన మంచినీళ్ళ గ్లాసు తీసుకుని, సగం తాగి, మిగతా సగం అతని చేతికిచ్చాడు. అతను యాంత్రికంగా తాగేశాడు.

గ్రూపులో తప్పు రాశాను, ఇప్పుడే సరిచేస్తానని మా బావమరిది ఫోను తీశాడు. ఆయన ఆ ఫోను మీద అరచెయ్యి పెట్టాడు.

"ఏమని రాస్తావు? క్లిప్పులు బాగున్నాయి, నా గుండే బాగాలేదని రాస్తావా?"

మా బావమరిది ఆ అరచెయ్యి కింది నుంచి ఫోను లాక్కోబోయాడు.

"అందరూ కారణం అడుగుతారు. నువ్వు చెప్పలేవు. అందుకని ఇప్పుడేం రాయొద్దు. డాక్టరు దగ్గరికి వెళ్ళిరా. వచ్చాక రాద్దువు గానీ. అప్పటిదాకా నేను మోసగాణ్నే, పర్లేదు."

"అన్నా, అలా ఎలా..."

"అదిగో, అన్నా అన్నావు. చాలు."

ఆయన ఎంత తెలివిగా ముడి వేశాడో నాకు షట్టరు దాకా ఆయన్ని సాగనంపుతుండగా అర్థమైంది. తన మంచిపేరు ఇతని చేతికి తాకట్టుగా ఇచ్చి వెళ్తున్నాడు. ఇతను హాస్పిటల్‌కు వెళ్ళకుండా ఎన్ని రోజులు కూర్చుంటే, ఆయన అన్ని రోజులు ఊరందరి ముందూ దొంగగా ఉంటాడు. ఇతని సంగతి ఆయనకు తెలుసు. తన ప్రాణం కోసం కదలని మనిషి, ఇంకొకరి పరువు కోసం కదులుతాడు. నేను ఆయనకు కృతజ్ఞత చెప్పబోతే, నా భుజం మీద ఒకసారి తట్టి, షట్టరు కింది నుంచి మళ్ళీ వంగి వెళ్ళిపోయాడు. ఈసారి నడుము నిఠారుగా చేసుకోవడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

తిరిగి వచ్చేసరికి మా బావమరిది యంత్రం ఆపేసి, క్యాసెట్ ఊడదీసి, దాని పెదవిని దూదితో తుడుస్తున్నాడు. నన్ను చూడకుండానే బేరం మొదలుపెట్టాడు. ఆదివారం దాకా మాత్రమే. సోమవారం పొద్దున్న ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాడు, ఏ సూది గుచ్చినా నోరెత్తడు. అప్పటిదాకా బరువులు ఎత్తడు, ఇలాగే కూర్చుని క్యాసెట్లు తుడుచుకుంటాడు. దానికి బదులుగా నేను ఒక్క పని చేయాలి. ఇంట్లో చెప్పకూడదు.

ఇంట్లో అంటే అతని భార్య. నాకు చెల్లెలి వరస. కర్టెన్ల షాపులో కుట్టుపని చేస్తుంది. మా గదిలోని యంత్రాలన్నిటికీ దుమ్ము పడకుండా ముసుగులు ఆవిడే కుట్టింది, మిగిలిపోయిన గుడ్డపీలికలతో. నెమ్మదైన మనిషి. మా ఆవిడ ఆఖరి రోజుల్లో రాత్రి కాపలాకు నాతో పాటు ఆవిడే కూర్చునేది. అలాంటి మనిషి దగ్గర దాచడం అంటే నాకు మనసొప్పలేదు. ఆ మాటే చెప్పాను.

"తెలిస్తే ఆదివారం ఉండదు బావా. ఇప్పుడే తాళం వేయించేస్తుంది. నాలుగు రోజులు. అంతకన్నా ఏం అడగను."

అతని మోకాలు ఆడుతూనే ఉంది. చేతిలోని క్యాసెట్‌ను అటు తిప్పి, ఇటు తిప్పి, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు. ఆ మొహంలో మా ఆవిడ పోలిక ఎప్పుడూ ఉంటుంది. ఏదైనా అడిగేటప్పుడు మరీ ఎక్కువగా ఉంటుంది. సరే, నా అంతట నేను చెప్పను అన్నాను. అనేసిన మరుక్షణం నుంచీ ఆ మాట చొక్కా లోపల పడ్డ గడ్డిపోచలా గుచ్చుతూనే ఉంది.

అతను ముందు మేడ ఎక్కాడు. మలుపు దగ్గర అడుగుల చప్పుడు ఆగింది. నేను కింద నిలబడి విన్నాను. చాలాసేపటికి మళ్ళీ మొదలైంది. దీపాలార్పి, షట్టరు దించి, తాళాలు ఇవ్వడానికి నేనూ పైకి వెళ్ళాను. ఇది రోజూ ఉండే పనే. షాపు తాళాలు రాత్రి వాళ్ళింట్లోనే ఉంటాయి.

తలుపు ఆవిడే తీసింది. భోజనాల వేళ అయింది. లోపల గిన్నెలు బల్ల మీద పెట్టి ఉన్నాయి. తాళాలు అందుకుని, లోపలికి ఒకసారి చూసి, గుమ్మం దాటి మెట్ల మీదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

అయస్కాంతం గారు మెట్ల దగ్గర ఎదురుపడ్డారని, ఎప్పుడూ పలకరించే మనిషి తల దించుకుని పోయారని చెప్పింది. గొడవ పెద్దదయిందా అని అడిగింది. లేదమ్మా, సర్దుకుంది, ఇద్దరూ ఒకే గ్లాసులో నీళ్ళు తాగారన్నాను. అది నిజమే కాబట్టి తేలిగ్గా అనగలిగాను. ఆవిడ మొహం కాస్త తేటపడింది.

"అయితే మంచిదే అన్నయ్యా. మనసు తేలికపడితే రేపటి ప్రయాణం బాగా సాగుతుంది."

ఏ ప్రయాణమని అడిగాను.

ఆవిడ ఆశ్చర్యపోయింది. మీతో చెప్పలేదా అంది. పక్క ఊళ్ళో ఎవరో పాత గాజు టీవీ, ఆ వెనక్కి ఉబ్బి ఉండే పెద్ద రకం, ఊరికే ఇస్తామన్నారట. తుపాకీ ఆటకు అలాంటిదే కావాలట, ఇప్పటి పలచటి టీవీల మీద గురి తగలదట. మూడో అంతస్తు నుంచి మనమే దించుకోవాలన్న షరతు మీద ఇస్తున్నారు. తెల్లవారుజామున మొదటి బస్సుకు టికెట్ తీసుకున్నాడు. ఇద్దరు మనుషుల బరువు ఉంటుందట కదా, అన్నయ్యను తోడు తీసుకెళ్ళమంటే, ఆయనకు నడుం నొప్పి, నేనొక్కణ్నే దించగలనన్నాడట.

గంట కిందట బరువులు ఎత్తనని నాతో బేరం ఆడినవాడు. అప్పటికి ఆ టికెట్ చొక్కా జేబులోనే ఉండి ఉంటుంది.

మెట్ల మీద బల్బు చుట్టూ ఒక పురుగు తిరుగుతోంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. చెప్పనన్న మాట ఒక పక్క, మూడంతస్తుల మెట్లు ఒక పక్క. నా మొహంలో ఏం కనపడిందో, ఆవిడ చూపు మారింది. మా ఆవిడ మంచం పక్కన కూర్చున్నప్పుడు ఉండేది ఆ చూపు. అడగకుండానే అన్నీ తెలుసుకునేది.

"అన్నయ్యా, ఆయన్ని వెళ్ళనివ్వాలా, వద్దా? అది ఒక్కటి చెప్పండి."

"వద్దు" అన్నాను.

కారణం అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు. తాళాలు కొంగులో పెట్టుకుని ముడి వేసింది. అలారం తీసేయమ్మా, పడుకునే ఉంటాడు, బస్సు పోతుందని నేనే సలహా చెప్పబోయాను.

"అలారం దేనికన్నయ్యా? ఆయన నిద్రపోతే కదా. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదని ఇన్నాళ్ళుగా కుర్చీలో కూర్చునే తెల్లవారుస్తున్నారు. మీతో చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

ఇద్దరి చేతా చెరో ఒట్టు వేయించుకుని, మా మధ్య గోడ కట్టి, ఆ గోడ చాటున కూర్చున్నాడు. అతను చెప్పినదాన్ని బట్టి నేను అనుకున్నదాని కన్నా సంగతి ముదిరింది. సోమవారం దాకా ఆగే వ్యవహారం కాదిది. రేపటి దాకా కూడా ఆగుతుందో లేదో. నా వేళ్ళ కింద తడబడిన ఆ నడక మళ్ళీ గుర్తొచ్చి, చేతిని చొక్కాకు తుడుచుకున్నాను.

"ఆ కుర్చీ ఇవాళ నాక్కావాలి" అంది ఆవిడ. "తలుపుకి అడ్డంగా వేసుకుని నేను కూర్చుంటాను. తెల్లవారే ముందే మీరు రండి. ఆటో పిలుచుకునే రండి."

లోపలి నుంచి మా బావమరిది గొంతు వినిపించింది, బావేనా, ఏమంటున్నాడని.

"ఏమీ లేదు. తాళాలిచ్చి వెళ్ళిపోయారు" అని జవాబు చెప్పింది ఆవిడ. నేనింకా ఆవిడ ఎదురుగానే నిలబడి ఉన్నాను. నా వైపు ఒకసారి తల ఊపి, లోపలికి వెళ్ళి, గడియ కూడా చప్పుడు కాకుండా వేలితో పట్టి నెడుతూ, తలుపు మూసుకుంది.